కాలేయము - మద్యము - మాంసకృత్తులు

మాంసము, గ్రుడ్లు బాగుగా తినుచు త్రాగినచో మద్యము కాలేయమును ఏమియు చేయజాలదని చెప్పువారు మనలో పెక్కుమంది కలరు. ఇది కేవలము త్రాగువారు కల్పించుకొన్న సాకు కాదు. ఒక కాలమున పేరుగాంచిన శాస్త్రజ్ఞులే ఇంచుమించుగా ఇట్లు చెప్పిరి. వారు అట్లేల తలచిరో, ఆ తలపు ఎట్లు సవరింపబడినదో చూతము.

కాలేయము గట్టిపడి, బొడిపెలు కట్టి, కుంచించుకొనిపోవు వ్యాధికి 1819లో ఫ్రెంచి వైద్యుడు లేనెక్ ‘సిర్రోసిస్’ అని పేరు పెట్టెను. అతిగా త్రాగువారికి ఇది వచ్చునని వైద్యులు చిరకాలముగా ఎరుగుదురు. అయితే అట్టివారిలో చాలమంది సరియైన తిండి తిననివారు. మరి దోషము మద్యముదా, తిండిలేమిదా?

ఈ ప్రశ్నకు సంబంధించిన ఆధారము మధుమేహ పరిశోధనలలో అనుకోకుండ లభించెను. 1921లో కెనడా దేశపు టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను కనుగొనిరి. క్లోమము తీసివేసిన కుక్కలను ఇన్సులిన్‌తో బ్రతికించగా, కొంతకాలమునకు వాటి కాలేయములు క్రొవ్వుతో నిండిపోయెను. పచ్చి క్లోమమును తినిపించినచో ఈ క్రొవ్వు పేరుకొనలేదు. ఈ దారినే సాగి బెస్ట్, ఆయన సహచరులు 1932లో కోలీన్ అను పదార్థమునకు ఇట్టి రక్షణశక్తి కలదని తెలిసికొనిరి. పాలలోని కేసీన్ వంటి మాంసకృత్తులలో నుండు మిథియోనిన్ అను ఆమినో ఆమ్లము కూడ ఇదే పని చేయునని 1937లో టకర్, ఎక్‌స్టీన్ చూపిరి.

కాలేయము క్రొవ్వును రక్తములోనికి పంపవలెనన్నచో లెసిథిన్ కావలెను. లెసిథిన్‌కు కోలీన్ కావలెను. మిథియోనిన్ ఉన్నచో శరీరము కొంత కోలీన్‌ను తానే తయారుచేసికొనగలదు. మాంసకృత్తుల రక్షణలోని కీలకమిదే.

1941లో న్యూయార్క్‌లో పాటెక్, పోస్ట్ అను వైద్యులు సిర్రోసిస్ రోగులకు పుష్టికరమైన ఆహారమిచ్చి మేలు కలిగినట్లు ప్రకటించిరి. 1949లో బెస్ట్ బృందము కొన్ని ఎలుకలకు మద్యసారము, మరికొన్నింటికి అంతే శక్తినిచ్చు పంచదార ఇచ్చెను. రెండు తెగల కాలేయములును చెడెను. కోలీన్ ఇచ్చినచో ఆ హాని తప్పెను. కావున మద్యసారము కాలేయమునకు ప్రత్యేకముగా విషము కాదని వారు నిర్ణయించిరి.

కాని ఎలుకలకు మద్యసారము రుచింపదు. నీటిలో కలిపి పెట్టినచో అవి కొద్దిగా మాత్రమే త్రాగును. లీబర్, డికార్లి అను పరిశోధకులు ఆహారమంతయు ద్రవముగా చేసి, అందులోనే మద్యసారమును కలిపిరి. ఆకలి వేసిన ఎలుకకు వేరుమార్గము లేదు. మాంసకృత్తులు, విటమినులు చాలినంత ఉన్నను కాలేయమున క్రొవ్వు చేరునని 1965లో లీబర్ బృందము ప్రకటించెను. 1968లో మానవులయందును ఇదే ఫలితము వెల్లడియైనది. 1974 నాటికి, మంచి ఆహారముతోపాటు మద్యసారము నిచ్చిన బబూన్ కోతులలో కొన్నింటికి సిర్రోసిస్ కూడ వచ్చెను. కాలేయములో మద్యసారము ఎసిటాల్డిహైడ్ అను విషపదార్థముగా మారును; క్రొవ్వు దహనమును మందగింపజేయును. ఎంతటి పుష్టికరమైన భోజనమైనను ఈ చర్యలను ఆపజాలదు.

అట్లని మాంసకృత్తులు నిరుపయోగములు కావు. సిర్రోసిస్ రోగికి శరీరపు బరువులో ప్రతి కిలోగ్రామునకు దినమునకు 1.2 నుండి 1.5 గ్రాముల మాంసకృత్తులు అవసరమని నేటి వైద్యులు చెప్పుదురు. చెడిన ఇంటిని బాగుచేయుటకు ఇటుకలు కావలెను. ఇటుకలున్నవి కదా అని ఇంటికి నిప్పు పెట్టరాదు.

బెస్ట్ ప్రయోగము అబద్ధము కాదు. ఎలుక త్రాగిన కొలది మద్యమునకు అది సరియైన సమాధానమే. ఆ కొలతను మరచి మానవునకు అన్వయించుటలోనే పొరపాటు జరిగినది. ఏ ప్రయోగము గురించి చదివినను ‘ఎంత ఇచ్చిరి?’ అని విద్యార్థులు మొదట ప్రశ్నింపవలెను.