ఓడ ఎక్కేముందు

సువార్త నిమిత్తం పరదేశానికి పోదలచినవారు ఏమేమి సిద్ధం చేసుకోవాలి అన్న ప్రశ్న నిన్న మొన్న పుట్టింది కాదు. ఇప్పుడు రెండు వారాల యాత్రకు బయలుదేరేవారికి పాస్‌పోర్టు, వీసా, టీకాలు, విమానపు టిక్కెట్టు, చందాలు, కొన్ని ప్రార్థన కూటములు అంటూ ఒక జాబితా చేతికందుతుంది. ఈ జాబితాకు రెండు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఏ కాలంలో ఎవరు ఏమి మూటగట్టుకున్నారో చూస్తే, ఏమి మరచిపోయారో కూడా బోధపడుతుంది.

ఇంగ్లండులో చెప్పులు కుట్టి బతికి, తరువాత బాప్టిస్టు బోధకుడైన విలియం కేరీ 1792లో ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. పరదేశాలకు సువార్తికులను పంపడానికి అడ్డుగా చెప్పే కారణాలను అందులో ఐదుగా లెక్కించాడు. అవి దూరం, అక్కడి మనుషుల మోటుదనం, ప్రాణభయం, తిండిగుడ్డలకు కరువు, భాష తెలియకపోవడం. ఒక్కొక్కదానికి జవాబిస్తూ, వెంట తీసుకుపోవలసిన వస్తువులనూ పేర్కొన్నాడు: బట్టలు, కొన్ని కత్తులు, తుపాకిమందు, గుండ్లు, చేపలు పట్టే సరంజామా, సేద్యపు పనిముట్లు, ఒకటి రెండు ఆవులు, ఒక ఆబోతు, విత్తనాలు. భాష సంగతి తేలికగానే తీసుకున్నాడు. చెప్పదలచినది చెప్పగలిగేంత భాష ఏడాదిలో, మహా అయితే రెండేళ్లలో, ఎవరికైనా పట్టుబడుతుందని ఆయన అభిప్రాయం.

మరుసటి ఏడు ఆయనే బయలుదేరాడు. ఈస్టిండియా కంపెనీ అనుమతి పత్రం లేనందువల్ల మొదట ఎక్కిన ఓడ నుండి దిగిపోవలసి వచ్చింది. భార్య డొరొతీ నిండు గర్భిణి, రానని చెప్పింది. పెద్దకొడుకును మాత్రం వెంటబెట్టుకుని పోవడానికి కేరీ సిద్ధపడ్డాడు. ఓడ తప్పడంతో ఆలస్యమయింది. ఈలోగా ఆమె ప్రసవించింది. చెల్లెలు తోడు వస్తేనే వస్తానని చివరకు ఒప్పుకుంది. నెలల వయసైనా రాని బిడ్డతో 1793 జూన్ 13న ఒక డేనిష్ ఓడ ఎక్కి, నవంబరులో కలకత్తా చేరారు. ఓడలో ఉన్న నెలల్లోనే, అంతకుముందు బెంగాలులో పనిచేసిన వైద్యుడు జాన్ థామస్ వద్ద కేరీ బెంగాలీ ఓనమాలు దిద్దుకున్నాడు. మరుసటి ఏడాదే ఐదేళ్ల పీటర్ చనిపోయాడు. డొరొతీకి మతి చలించింది. 1807లో చనిపోయేదాకా ఆమె కోలుకోలేదు. కేరీ ఉన్నచోట మొదటి హిందువు, కృష్ణపాల్, బాప్తిస్మం పొందింది 1800 డిసెంబరులో. అంటే ఏడేళ్లు. ఆవులనూ గాలాలనూ లెక్కలోకి తెచ్చిన పుస్తకంలో, రానన్న భార్య మనసుకు మాత్రం చోటు లేకపోయింది. కేరీ చేసిన భాషాసేవను గౌరవించేవారు కూడా ఈ మాట దాటవేయరాదు.

తెలుగునాట ఈ కథ విశాఖపట్నంలో మొదలయింది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన క్రాన్, డెస్ గ్రాంజెస్ 1805లో అక్కడ దిగారు. వారి చేతిలో తెలుగు పుస్తకమన్నది లేదు. క్రైస్తవం స్వీకరించిన ఆనందరాయరు అనే బ్రాహ్మణుని సాయంతో సువార్తలను తెలుగు చేయడానికి పూనుకున్నారు. క్రాన్ 1809లోనూ, డెస్ గ్రాంజెస్ 1810లోనూ కన్నుమూశారు. వారి శ్రమ ఫలితంగా మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో కేరీగారి శ్రీరాంపూరులోనే అచ్చయ్యాయి. అచ్చయిన పుస్తకాన్ని చూసుకునే భాగ్యం వారిద్దరిలో ఎవరికీ దక్కలేదు.

మరో తొంభై ఏళ్లకు, తెలుగువారే సువార్తికుని పంపే స్థితికి వచ్చారు. 1860 నుండి మద్రాసు రేవు మీదుగా నాటాలు చెరకు తోటలకు ఒప్పంద కూలీలు పోతూ వచ్చారు; వారిలో తెలుగు క్రైస్తవులు కూడా ఉన్నారు. వారి కోసం తెలుగు బాప్టిస్టులు 1903లో జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాకు పంపారు. ఆ ఏడు డిసెంబరులోనే కీర్స్నీ తేయాకు తోటల దగ్గర సంఘం ఏర్పడింది. కేరీకి ఏడేళ్లు పట్టినచోట రంగయ్యకు నెలలు సరిపోయాయి. ఇందులో అద్భుతమేమీ లేదు. విన్నవారి భాషా, విశ్వాసమూ, ఊళ్లను విడిచి వచ్చిన దుఃఖమూ ఆయనకు ముందే తెలుసు.

స్వల్పకాలిక యాత్ర అనేది ఇరవయ్యవ శతాబ్దపు మాట. విమానాలూ, కార్లూ, వేసవి సెలవులూ దానికి దారి తీశాయి. 1957 వేసవిలో జార్జి వెర్వర్ అనే అమెరికా విద్యార్థి ఇద్దరు మిత్రులతో క్రైస్తవ పుస్తకాలు పంచడానికి మెక్సికో వెళ్లాడు. ఆపరేషన్ మొబిలైజేషన్ అనే సంస్థ దాని నుండి పెరిగింది. పదకొండేళ్ల తరువాత, 1968 ఏప్రిల్‌లో, అదే మెక్సికోలోని క్వెర్నవాకాలో ఇవాన్ ఇలిచ్ అనే కాథలిక్ గురువు, సేవ చేయ వచ్చే అమెరికా విద్యార్థుల సభలో మాట్లాడాడు. చూడండి, నేర్చుకోండి, ఆనందించండి, కాని మమ్మల్ని ఉద్ధరించడానికి మాత్రం రాకండి అన్నది ఆయన మాటల సారాంశం. లాటిన్ అమెరికాకు పోయే మిషనరీలకు స్పానిష్ నేర్పే కేంద్రాన్ని నడిపినవాడు ఆయనే. పోవడానికి తయారు చేసేవాడే రావద్దనడం ఆశ్చర్యంగా తోచవచ్చు. భాష రానివాడు పేదవాని గుడిసెలో ఎంత నిస్సహాయుడో ఆ పాఠశాల నడిపినవానికి కాక మరెవరికి తెలుస్తుంది?

అటువంటి విమర్శ వృథా పోలేదు. 2003లో అమెరికాలో స్వల్పకాలిక యాత్రల కోసం ఏడు ప్రమాణాలు కూర్చారు. తగిన శిక్షణ, తిరిగి వచ్చిన తరువాతి బాధ్యతతో పాటు, ఆతిథ్యమిచ్చేవారితో కలిసి కార్యక్రమాన్ని రూపొందించడం కూడా వాటిలో ఉంది. ఏమి కావాలో అక్కడివారిని ముందుగా అడగాలన్నమాట. ఇంత చిన్న విషయం కాగితం మీదికి రావడానికి కేరీ పుస్తకం నుండి లెక్కిస్తే రెండు వందల పదకొండేళ్లు పట్టింది.

ఈనాడు మన పల్లెల సంఘాలకు పరదేశ బృందాలు వస్తున్నాయి. మన యువకులూ పరదేశాలకు పోతున్నారు. టీకాలూ, వీసాలూ తప్పనిసరే. వాటికంటే ముందు, పోయేచోటి మనిషికి ఒక ఉత్తరం రాసి, జవాబు వచ్చేదాకా ఆగడం మంచిది. ఇంట్లో రానన్నవారి మాట కూడా అంతే ఓపికగా వినాలి. జాబు ‘రావద్దు’ అని వస్తే, విప్పిన పెట్టెను తిరిగి అటక మీద పెట్టేయగలగడం కూడా సన్నాహంలో భాగమే.