అడవినాభి

అడవినాభి ఒక ఔషధ మొక్క. ఇది కోల్చికేసి కుటుంబానికి చెందిన బహువార్షిక తీగ. దీని శాస్త్రీయ నామం గ్లోరియోసా సూపర్బా. లిన్నేయస్ 1753లో ఈ పేరు పెట్టాడు. పూర్వం దీనిని లిలియేసి కుటుంబంలో చేర్చేవారు. అగ్నిశిఖ, పొత్తిదుంప అనే పేర్లు కూడా తెలుగులో ఉన్నాయి. దుంప నాగలి ఆకారంలో ఉండుటచే సంస్కృతంలో లాంగలి అన్నారు. ఇది తమిళనాడు రాష్ట్ర పుష్పము, జింబాబ్వే జాతీయ పుష్పము. పేర్లలో పోలిక ఉన్నా హిమాలయ ప్రాంతంలో పెరిగే వత్సనాభి వేరు, ఇది వేరు. అయితే రెండూ విషపు మొక్కలే.

లక్షణాలు

సన్నని కాండం వర్షాకాలంలో దుంప నుండి మొలచి, ఆధారం దొరికితే పైకి ప్రాకుతుంది. ఆకుల కొనలే నులితీగలుగా మారి పక్కనున్న కొమ్మను చుట్టుకుంటాయి. పువ్వు తలక్రిందులుగా వేలాడుతూ, అలలవంటి అంచులు గల ఆరు పరిపత్రాలను వెనుకకు విరుచుకొని ఉంటుంది. ఇవి మొదట ఆకుపచ్చగాను, తరువాత పసుపుగాను, చివరకు నిప్పురంగులోను కనిపిస్తాయి. అగ్నిశిఖ అనే పేరు అందుకే వచ్చింది. వేసవిలో కాండం ఎండిపోయి, దుంప నేలలో నిద్రావస్థలో ఉంటుంది.

సాగు

అడవులలో దుంపలను విచక్షణ లేకుండా త్రవ్వుట వలన అనేక చోట్ల ఈ తీగ తగ్గిపోయింది. అందుచేత ఔషధ పరిశ్రమకు కావలసిన విత్తనాల కోసం దీనిని పొలాలలో పెంచుతున్నారు. భారతదేశంలో ఈ సాగు ముఖ్యంగా తమిళనాడులోని తిరుప్పూర్, దిండిగల్, కరూర్ ప్రాంతాలలో జరుగుతుంది.

నీరు నిలువని ఎర్రనేలలు అనుకూలం. నీరు నిలిస్తే దుంప కుళ్ళిపోతుంది. విత్తనంతో పెంచిన మొక్క పూయటానికి మూడు, నాలుగేళ్ళు పడుతుంది కనుక రైతులు దుంపలనే నాటుతారు. జూన్, జూలై నెలలు ఇందుకు తగిన కాలం. దుంప రెండు కొనలలోను ఒక్కొక్క మొగ్గ మాత్రమే ఉంటుంది. అది విరిగితే ఆ కొన మొలకెత్తదు. కాబట్టి త్రవ్వేటప్పుడు, మోసేటప్పుడు, నాటేటప్పుడు గాజు సామానువలె చూసుకోవాలి. నాటేముందు దుంపలను శిలీంద్రనాశక ద్రావణంలో ముంచుట మంచిది. తీగ ప్రాకుటకు తీగెల పందిరి గాని, కంచె పొదలు గాని కావాలి. కుండీలో పెంచేవారు ఇసుక కలిపిన మట్టిలో దుంపను అడ్డంగా పడుకోబెట్టి, కాండం ఎండిన తరువాత నీరు పోయుట మానివేయాలి. లిల్లీ గొంగళిపురుగు ఆకులను తినివేస్తుంది.

పరాగసంపర్కం

ఈ సాగులో అసలు కష్టం ఇక్కడే ఉంది. పువ్వులో కీలం మొదట్లోనే లంబకోణంలో ప్రక్కకు వంగి ఉండుట వలన కీలాగ్రం కేసరాలకు దూరమవుతుంది. కావున పువ్వు తన పుప్పొడిని తానే అందుకొనుట అరుదు. పురుగులకు, గాలికి వదిలేస్తే కాయలు చాలా తక్కువగా నిలుస్తాయి. అందువలన రైతులు, కూలీలు ఉదయం పూట వరుసల వెంట నడుస్తూ ఒక్కొక్క పువ్వు కీలాగ్రానికి మరొక మొక్క పుప్పొడిని చేతితోనో కుంచెతోనో అంటిస్తారు. పూత ఒక్కసారిగా రాదు గనుక ఈ పని కొన్ని వారాలపాటు ప్రతిదినమూ చేయాలి. ఖర్చులో పెద్దభాగం ఈ కూలికే పోతుంది. విత్తనాల ధర మాత్రం ఏటా ఒకేలా ఉండదు. ధర పడిపోయిన సంవత్సరం నష్టం రైతుదే.

పూసిన సుమారు మూడున్నర నెలలకు కాయలు ముదిరి లేత ఆకుపచ్చ రంగుకు తిరుగుతాయి. అప్పుడు కోసి నీడలో ఆరబెట్టి, ఎర్రని విత్తనాలను వేరుచేస్తారు.

ఉపయోగాలు

విత్తనాలలోను, దుంపలలోను కోల్చిసిన్ అనే ఆల్కలాయిడ్ ఉంది. దీనిని 1820లో పెల్లెటియర్, కావెంటూ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఐరోపాకు చెందిన కోల్చికం మొక్క నుండి వేరుచేశారు. గౌట్ అనే కీళ్ళవ్యాధికి కోల్చిసిన్ ప్రసిద్ధ ఔషధం. 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గుండెజబ్బుల నివారణకు కూడా దీని స్వల్ప మోతాదును ఆమోదించింది. కండరాల బిగువు తగ్గించే థయోకోల్చికోసైడ్ తయారీకీ ఈ విత్తనాలే ఆధారం. కణవిభజనలో క్రోమోజోముల సంఖ్యను రెట్టింపు చేయగలదని 1937లో వెల్లడైనప్పటి నుండి మొక్కల ప్రజననంలోనూ కోల్చిసిన్‌ను వాడుతున్నారు. ఆయుర్వేదం లాంగలిని ఉపవిషాలలో చేర్చి, శుద్ధి చేయనిదే వాడరాదన్నది.

విష ప్రభావం

మొక్కలోని అన్ని భాగాలూ విషపూరితమే. దుంపను చిలగడదుంప వంటి తినదగిన దుంపగా పొరబడి తిన్నవారు మరణించిన సంఘటనలు దక్షిణ భారతదేశంలోను, శ్రీలంకలోను నమోదయ్యాయి. కొన్ని గంటలలో గొంతుమంట, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. తరువాత ఎముకల మజ్జ, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. బ్రతికినవారికి ఒకటి రెండు వారాలలో జుట్టు రాలుతుంది. మొదటి వాంతులు తగ్గినంత మాత్రాన ప్రమాదం తప్పినట్లు కాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. సాధారణంగా లభించే విరుగుడు మందు ఏదీ లేదు. ఇంట్లో పెంచేవారు దుంపలను వంటగదిలో గాని, పిల్లలకు, పశువులకు అందేచోట గాని ఉంచరాదు. దుంపలు, విత్తనాలు ముట్టుకొనేటప్పుడు చేతితొడుగులు ధరించాలి.