ఖాళీలు విడిచిన కాగితము

అచ్చుయంత్రము అనగానే మనకు గూటెన్‌బర్గు బైబిలు జ్ఞాపకము వచ్చును. ఆ బైబిలు సిద్ధమగుచున్న రోజులలోనే, 1454లో, జర్మనీలోని మైంజ్ పట్టణమున ఒక చిన్న పత్రము కూడ పెక్కు ప్రతులుగా అచ్చయినది. సైప్రస్ ద్వీపమును తురుష్కుల నుండి కాపాడుటకు విరాళమిచ్చిన వారికి చర్చి తరఫున ఇచ్చిన పాపక్షమా పత్రమది. వాక్యములన్నియు అచ్చులోనే ఉన్నవి. దాత పేరు, ఊరు, తేదీ వ్రాయుటకు మాత్రము ఖాళీలు విడిచిరి. అట్లు నింపిన ప్రతులలో 1454 అక్టోబరు 22 తేదీ గలది నేటికిని నిలిచియున్నది.

అచ్చునకు పూర్వము నమూనా గ్రంథములు ఈ పని చేసినవి. 7వ శతాబ్దమున ఫ్రాంకుల రాజ్యములో మార్కుల్ఫ్ అను సన్యాసి అట్టి గ్రంథమొకటి కూర్చెను. మన గుజరాతులో వెలసిన ‘లేఖపద్ధతి’ అను సంస్కృత సంకలనములో తాకట్టు మొదలు దాసీ విక్రయము వరకు పత్రముల మచ్చులు గలవు. చిన్నతనమున మా ఊరి దస్తావేజు లేఖరి ‘వ్రాయించి ఇచ్చిన’ మొదలగు మాటలను కాగితము చూడకయే గడగడ వ్రాసి, సర్వే నెంబరు, హద్దులు వచ్చినప్పుడు మాత్రము కలము ఆపి అడుగుట చూచితిని. తప్పు దొరలునది ఆ ఆగిన చోటనే.

మోసము దూరునది కూడ అక్కడనే. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టము 20వ సెక్షను ప్రకారము, స్టాంపు కాగితముపై సంతకము చేసి ఖాళీగానో, సగము నింపియో ఇచ్చినచో, ఆ స్టాంపు చెల్లు మొత్తమునకు లోబడి నింపుకొను అధికారమును పుచ్చుకొన్నవానికి ఇచ్చినట్లే న్యాయస్థానము మొదట భావించును. ‘తరువాత నింపుకొందము లెండి’ అను మాట ఎంతటి బరువైనదో చూడుడు.

ఈ చిక్కును గణితము మరియొక దారిని విప్పినది. 1976లో డిఫీ, హెల్మన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు డిజిటల్ సంతకపు ఊహను ప్రకటించిరి. మరుసటి సంవత్సరము రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ దానిని ఆచరణలోనికి తెచ్చిరి. తరగతిలో నల్లబల్లపై చేయదగిన లెక్క ఇది. పత్రములోని అక్షరములన్నిటి నుండి లెక్కగట్టిన సారసంఖ్య 5 అనుకొనుడు. సంతకము చేయువాని రహస్య సంఖ్య 7. అందరికి తెలియునవి 3, 33. అతడు 5ను 7వ ఘాతమునకు హెచ్చించి 33తో భాగించగా శేషము 14 వచ్చును. అదియే చేవ్రాలు. పరీక్షించువాడు 14ను 3వ ఘాతమునకు హెచ్చించిన 2744. దానిని 33తో భాగించిన శేషము మరల 5. ఎవరైన పత్రములో ఒక సున్న చేర్చినచో సారసంఖ్య మారిపోవును, 5తో సరిపడదు. నిజమైన సంతకములలో ఈ సంఖ్యలు వందలకొలది అంకెలు గలవి; లేనియెడల రహస్య సంఖ్యను ఎవడైనను క్షణములో కనిపెట్టును.

ఇందులో గమనింపదగినది: సారసంఖ్య నమూనాలోని స్థిరవాక్యములకును, నింపిన మాటలకును కలిపి వచ్చును. కనుక వ్యాపార సంస్థలు అద్దె ఒప్పందమునకో, ఉద్యోగ నియామకమునకో ఒకే నమూనాను కంప్యూటరులో నిలిపి, పేర్లకు బదులు ‘యజమాని’, ‘అద్దెదారు’ అను పాత్రలను, ఎవరు ముందు సంతకము చేయవలెనో ఆ వరుసను గుర్తించి పెట్టుకొనినను, ప్రతి పత్రపు చేవ్రాలు దానిదే. న్యాయవాది స్థిరవాక్యములను ఒక్కసారి చదివిన చాలును. తరువాత ఖాళీలే చూచుకొనవలెను.

అయితే నమూనాకే ముందుగా సంతకము చేసి, ఖాళీలు మాత్రము తరువాత నింపనిచ్చుట ఎట్లు? 2003లో పీడీఎఫ్ పత్రములకు ఆ సదుపాయము వచ్చెను. మొదటి భాగమును ముట్టకుండ, నింపినదంతయు ఫైలు చివర చేర్తురు. అట్లు చేర్చినది అనుమతించిన మార్పా, కాదా అని పత్రమును చూపు సాఫ్టువేరు తేల్చవలెను. 2021లో జర్మనీలోని బోఖుమ్ రుర్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఇక్కడనే సందు కనుగొనిరి. రెండవవాడు సంతకము చేయు పెట్టె రూపమునే మార్చి, అసలు వాక్యముపై చీటీ అంటించినట్లు కప్పవచ్చునని చూపిరి. పెక్కు సాఫ్టువేరులు దానిని పసిగట్టలేదు. లెక్క చెడలేదు, కంటికి కనపడినది చెడినది.

భారతదేశమున 2000 అక్టోబరు 17న అమలులోనికి వచ్చిన సమాచార సాంకేతిక చట్టము ఈ చేవ్రాలునకు కాగితపు సంతకముతో సమానమైన గుర్తింపునిచ్చినది. కొన్ని పత్రములను మాత్రము దాని పరిధికి వెలుపల నుంచిరి. వీలునామా అట్టిది. 2022 నాటి సవరణ రిజర్వు బ్యాంకు వంటి సంస్థల నియంత్రణలోని వారికి వ్రాసి ఇచ్చు డిమాండు ప్రామిసరీ నోటును లోనికి తెచ్చినది. ఊరిలో ఒకరికొకరు వ్రాసికొను ప్రామిసరీ నోటు మాత్రము, దాని ఖాళీలతో సహా, కాగితముపైననే ఉన్నది.