ఎఱ్ఱటోపీ సోదరులు – వారి బాలవైద్యాలయములు

వినోదమునకై పుట్టిన సంఘములు లోకమున ననేకములు కలవు. సేవకై పుట్టి క్రమముగా విందులకు, పదవులకు దిగజాఱిన సంఘములును మనకు క్రొత్తవి కావు. కేవల వినోదార్థము జనించి, అర్ధశతాబ్ది గడచిన పిమ్మట సేవావ్రతమును స్వీకరించి, ఆ వ్రతమును నూఱేండ్లు విడువక నడపిన సంఘములు మాత్రము మిక్కిలి యరుదు. అమెరికా సంయుక్త రాష్ట్రములందు వెలసిన ష్రైనర్ల సంఘ మట్టిది. 1922లో వారు తెఱచిన తొలి బాలవైద్యాలయమునకు 2022లో నూఱేండ్లు నిండినవి. ఆ శతవార్షికమును పురస్కరించుకొని సంస్థ పూర్వవృత్తాంతమును స్మరించుట ఈ వ్యాసమున కుద్దేశము.

ష్రైనర్లు ఫ్రీమేసను సోదరకూటమి యను మహావృక్షమునకు ఒక శాఖ. ఫ్రీమేసనుల పేరు మనకు అపరిచితము కాదు. హైదరాబాదులోని గోషామహల్ బారాదరి వారి మందిరముగనే ప్రసిద్ధి కెక్కినది. దైవమునందు విశ్వాసము గలవాడు, తనంత తాను కోరి, సభ్యుల సమ్మతితో లాడ్జి యను స్థానిక శాఖయందు ప్రవేశించి, శిష్య, సహచర, ఆచార్య దశలను మూటిని దాటినచో పూర్ణ మేసను అగును. అట్టివారు కొందఱు 1870లో న్యూయార్కు నగరమున నికర్‌బాకర్ కాటేజి యను భోజనశాలలో తఱచుగా కూడుచు, లాడ్జి కార్యక్రమముల గాంభీర్యము నడుమ నవ్వుకును కొంత తావుండవలెనని తలపోసిరి. వారిలో వైద్యుడైన వాల్టర్ ఫ్లెమింగును, రంగస్థల నటుడైన విలియం ఫ్లారెన్సును ముఖ్యులు. ఫ్రాన్సు దేశపు మార్సేల్సు నగరమున ఒక విందులో అరబ్బు వేషభాషలతో నడచిన వేడుకను నటుడు వర్ణింపగా, వైద్యుడు దానికి నియమావళిని, క్రతువును సమకూర్చెనని సంఘ చరిత్ర చెప్పును. కుచ్చు వ్రేలాడు ఎఱ్ఱటోపీ అప్పుడే వారి శిరోభూషణమయ్యెను. 1872లో మక్కా పేరిట తొలి శాఖయు, 1876లో కేంద్రసభయు ఏర్పడినవి. ఈ వేషమునకును ఇస్లాము మతమునకును సంబంధ మేమియు లేదు; అది కేవలము నాటకీయమైన యలంకారము. పరమత పవిత్రక్షేత్రముల పేళ్లను వేడుకకు వాడుకొనుట ఉచితమా యని నేటి పాఠకునకు తోచినచో ఆ సందేహము సహేతుకమే.

తరువాతి అర్ధశతాబ్దిలో బ్యాండు మేళములును, ఊరేగింపులును, విందులును వృద్ధి పొందినవి, సభ్యసంఖ్యయు పెరిగినది. 1919లో సంఘాధ్యక్షుడుగ నుండిన ఫిలడెల్ఫియా వాసి ఫ్రీలండ్ కెండ్రిక్కు, అట్లాంటా ప్రాంతమున స్కాటిష్ రైట్ అను మఱియొక శాఖకు చెందిన మేసనులు వికలాంగ బాలలకై నడపుచుండిన వైద్యాలయమును దర్శించి, తన సంఘమునకును అట్టి పూనిక యేల యుండరాదని సంకల్పించెను. 1920లో పోర్ట్‌లండున జరిగిన మహాసభలో ఆయన తీర్మానము చర్చకు వచ్చినప్పుడు కొందఱు సంశయించిరి. అంతట అట్లాంటా ప్రతినిధి ఫారెస్ట్ అడేరు లేచి, అంతకు ముందటి తెల్లవారుజామున తన కిటికీ క్రింద, మేళమునుండి తప్పిపోయిన వాద్యకాడొకడు పెద్దబాకాపై బుడగలను గూర్చిన అప్పటి ప్రసిద్ధగీతమును ఊదుచుండగా తనకు తోచిన భావమును సభకు నివేదించెను. ఇన్నాళ్లును తాము పాటలకును మేళములకును ధనమును వెచ్చించితిమనియు, ఇక మానవసేవకై వెచ్చింప వలసిన కాలము వచ్చినదనియు ఆయన వాదము. తీర్మానము ఏకగ్రీవముగా నెగ్గినది.

ఆ తీర్మానమున నిజముగా గమనింపదగిన యంశము వేఱొకటి కలదు. ఒక ధనికుని దానముపై గాని, ఒకనాటి యుత్సాహముతో పోగగు చందాపై గాని వారు ఆధారపడలేదు. ప్రతి సభ్యునిపై ఏటికి 2 డాలర్లు విధించిరి. సభ్యత్వముతోపాటు సేవాభారమును అనివార్యమైనది. ఆ చిల్లరయే చేరి చేరి, 1922లో లూసియానా రాష్ట్రపు ష్రీవ్‌పోర్టునందు తొలి వైద్యాలయమైనది. అచ్చట మొదట చేరిన రోగి వంకరపాదముతో పుట్టిన చిన్న బాలిక. అరికాలు నేల కానక, పాదపు పైభాగమును నేల కానించి నడచుట కలవాటుపడినది. ఆ దశాబ్దము ముగియునంతలో మఱి 13 వైద్యాలయములు పనిచేయసాగినవి. వానిలో నొకటి కెనడాలోని మాంట్రియలునందు వెలసెను.

1955లో పోలియో టీకా అమలులోనికి వచ్చిన పిదప ఈ వైద్యాలయములకు వచ్చు ఆ రోగపీడితుల సంఖ్య తగ్గగా, సంఘము చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. కాలిన గాయములకు గుఱియైన పిల్లలకు ప్రత్యేక చికిత్స కొఱవడియుండుట గుర్తించి, 1960ల యందు గాల్వెస్టను, సిన్సినాటి, బోస్టను నగరములలో ఆ వైద్యమునకు ఆస్పత్రులను నిర్మించినది. 1980లలో వెన్నుపాము దెబ్బతినిన బాలల పునరావాసమునకు పూనుకొన్నది. దశాబ్దుల తరబడి రోగుల కుటుంబములకు బిల్లు అనునది లేకుండెను. 2011 నుండి బీమా సంస్థల వద్ద రుసుము గ్రహించుచున్నను, చెల్లింపజాలని కుటుంబము దానికై చికిత్సకు దూరము కారాదను నియమము నిలిచియున్నది.

నేడు ఇందు చేరగోరువాడు ముందుగా పూర్ణ మేసను కావలయును. 2000 సంవత్సరము వఱకు దానిపై మఱికొన్ని ఉన్నత దశలను దాటుటయు విధిగ నుండెను. చేరిన పిమ్మట తన యభిరుచి ననుసరించి ఒక దళమును ఎంచుకొనును. ఒకడు విదూషక వేషమున రోగశయ్యపైనున్న పిల్లను నవ్వించును. ఒకడు ఊరేగింపులో బొమ్మకారు నడపును. మఱియొకడు దూరపు గ్రామమునుండి పిల్లవానిని, తల్లిని తన బండిలో ఆస్పత్రికి చేర్చి తిరిగి యింట దించును. 1970లో ఇండియానాలోని ఇవాన్స్‌విల్ పట్టణమున తీయబడిన యొక ఛాయాచిత్రమున ఎఱ్ఱటోపీ ధరించిన సభ్యుడు ఒక చేత చిన్నపిల్లను ఎత్తుకొని, రెండవచేత ఆమె ఊతకఱ్ఱలను పట్టుకొని వెన్ను చూపుచు నడచిపోవుచుండును. అతని ముఖము కానరాదు. ఆ చిత్రమే పిదప విగ్రహములుగ మలచబడి సంఘమునకు చిహ్నమైనది.

మన తెలుగునాట సంఘములకు కొఱత లేదు. రజతోత్సవములకును, శాలువలకును అంతకంటె కొఱత లేదు. ఉత్సవములు జరుపుకొను ప్రతి సంఘమును, సభ్యత్వ రుసుములో కొంత భాగమును, స్వల్పమే యగుగాక, విడువరాని సేవాశుల్కముగా తన నియమావళియందే చేర్చి, దాని లెక్కను ఏటేట సభ్యుల యెదుట పెట్టవలెనని మా మనవి. దాతల ఔదార్యము వచ్చును, పోవును. నియమావళిలో చేరిన సేవాశుల్కమే నూఱేండ్లు నిలిచినది.