సంపు గల పగడపు ఆక్వేరియం

పగడపు ఆక్వేరియం అనగా సజీవమైన పగడాలను, వాటితో కలిసి బ్రతికే చిన్న చేపలను ఉప్పునీటిలో పెంచుటకు ఇంటిలో ఏర్పాటు చేసుకొనే గాజు తొట్టి. దీనినే రీఫ్ ట్యాంక్ అని కూడా అంటారు. పెద్ద తొట్టికి అడుగున, పీఠం లోపల ఉంచే రెండవ తొట్టిని సంపు అంటారు. నేలలో నీరు నిల్వ చేసే సంపుకు, దీనికి పేరు ఒక్కటే గాని పని వేరు. తూర్పు, పడమర తీరాలు రెండూ దాదాపు 300 కిలోమీటర్లు లేదా అంతకు పైగా దూరంలో ఉన్న మంత్రాలయం వంటి ఊరిలో సముద్రపు నీటిని ఇంటిలోనే తయారు చేసుకోవలసి ఉంటుంది. దానిని ఎండకు, కరెంటు కోతకు చెడిపోకుండా నిలుపుటయే ఇందులో అసలు శ్రమ. ఆ శ్రమను చాలావరకు తగ్గించేది సంపు.

పగడం

పగడం రాయి కాదు, మొక్క కాదు, అది జంతువు. దాని కణజాలంలో నివసించే సూక్ష్మమైన శైవలాలు వెలుతురుతో ఆహారం తయారు చేసి దానికి అందిస్తాయి. నీరు ఎక్కువ రోజులు వేడెక్కినచో పగడం ఆ శైవలాలను వెలివేసి తెల్లబారుతుంది. 1998లో లక్షద్వీపాల పగడాలు ఈ విధంగానే పెద్ద ఎత్తున నశించాయి. నవరత్నాలలో చేరిన ఎర్ర పగడం దిబ్బలు కట్టే జాతి కాదు. అది మధ్యధరా సముద్రంలో దొరుకుతుంది. భారతదేశంలో ముఖ్యమైన పగడపు దిబ్బలు మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖ, అండమాన్ నికోబార్ దీవులు, లక్షద్వీపాలలో ఉన్నాయి. కృష్ణా గోదావరులు తెచ్చే మంచినీరు, ఒండ్రుమట్టి కారణంగా ఆంధ్ర తీరంలో అటువంటి పెద్ద దిబ్బలు ఏర్పడలేదు.

సంపు పనిచేయు విధానం

ఉదాహరణకు 60 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. ఎత్తు గల తొట్టిని తీసుకొనవచ్చును. దాని క్రింద 60×35×35 సెం.మీ. సంపు ఉంచితే, రెండింటిలో కలిపి సుమారు 140 లీటర్ల నీరు తిరుగుతూ ఉంటుంది. పై తొట్టి అంచు వద్ద పొర్లిన నీరు గొట్టం ద్వారా సంపులోని మొదటి గదిలో పడుతుంది. అక్కడ ఒక సంచి చెత్తను వడగడుతుంది. రెండవ గదిలో ప్రోటీన్ స్కిమ్మర్ నీటిలోకి సన్నని గాలి బుడగలు పంపి, కరిగిన సేంద్రియ మలినాలను నురుగుగా పైకి తీస్తుంది. చివరి గదిలోని పంపు నీటిని తిరిగి పైకి పంపుతుంది. చూపులకు ఇంపుగా లేని పరికరాలన్నీ క్రిందనే ఉండిపోతాయి.

కరెంటు పోయినప్పుడు పంపు ఆగి, పై నుండి కొంత నీరు క్రిందకు దిగుతుంది. పై తొట్టిలో మట్టం 3 సెం.మీ. తగ్గితే దిగే నీరు సుమారు 8 లీటర్లు. ఆ మేరకు సంపులో ఎప్పుడూ ఖాళీ ఉండవలెను. పైకి వెళ్ళే గొట్టం మూతి నీటిలో లోతుగా ఉన్నచో సైఫన్ ఏర్పడి ఇంకా ఎక్కువ నీరు దిగిపోతుంది. కనుక మూతిని నీటి మట్టానికి దగ్గరగా ఉంచి, ఆ మట్టానికి కాస్త దిగువన గొట్టానికి చిన్న రంధ్రం చేస్తారు. ఆ రంధ్రం నాచుతో పూడిపోకుండా చూడాలి. నీరు నింపిన మొదటి రోజే పలుమార్లు స్విచ్చి ఆపి పరీక్షించుట మంచిది. చేపలు వచ్చిన తరువాత నేల తుడుచుకొనుట కంటే ఇది సులభం.

తొట్టి, రాళ్ళు, నీరు అన్నీ కలిసి 180 కిలోలు దాటవచ్చును. కడప బండలతో కట్టిన పీఠం ఈ బరువును చక్కగా మోస్తుంది, తుప్పు పట్టదు. ఆ బండలు కూడా ఒకనాటి సముద్ర గర్భంలో ఏర్పడిన సున్నపురాయే. అయితే గుల్లతనం లేనందున బాక్టీరియా నివసించే రాయిగా తొట్టి లోపల అవి అంతగా పనికిరావు.

నీరు

ఈ ప్రాంతపు బోరు నీటిలో కాఠిన్యం, పలుచోట్ల ఫ్లోరైడు ఎక్కువ. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. కావున ఆర్.ఓ., అయాన్ల తొలగింపు రెండూ జరిగిన నీటినే వాడవలెను. ఆర్.ఓ. యంత్రం వదిలే నీరు తక్కువేమీ కాదు. మెట్ట ప్రాంతంలో దానిని పారబోయక గిన్నెలు తోముటకు, ఇల్లు కడుగుటకు ఉపయోగించుకొనవచ్చును. శుద్ధమైన నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణత వచ్చేటట్లు ఆక్వేరియం ఉప్పు కలుపుతారు. వంట ఉప్పు దీనికి పనికిరాదు, ఎందుకనగా అందులో పగడానికి కావలసిన కాల్షియం, మెగ్నీషియం తగినంత ఉండవు. కాల్షియం లీటరుకు 400 నుండి 450 మిల్లీగ్రాములు, పీహెచ్ 8.0 నుండి 8.4, ఉష్ణోగ్రత 24 నుండి 27 డిగ్రీలు ఉండవలెను. రాగి స్వల్పంగా ఎక్కువైనా వెన్నెముక లేని జీవులకు ప్రాణాంతకం కావచ్చును.

నీరు నింపగానే ప్రాణులను వేయరాదు. బాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగా, దానిని నైట్రేటుగా మార్చే చక్రం స్థిరపడుటకు సాధారణంగా 4 నుండి 6 వారాలు పడుతుంది.

వేడి, ఆవిరి

వేసవిలో కర్నూలు జిల్లాలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. చిల్లర్ యంత్రం ఖరీదైనది. అయితే ఇక్కడి పొడి గాలి ఒక మేలు చేస్తుంది. సంపు మీద చిన్న ఫ్యాను పెట్టినచో నీరు ఆవిరై, మట్టి కుండలో వలె మిగిలిన నీరు చల్లబడుతుంది. ఒక లీటరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి కావాలి. బయటి వేడి చేరకుండా ఉంటే అది 140 లీటర్లను 4 డిగ్రీల మేర చల్లబరచగలదు. తేమ ఎక్కువగా ఉండే కోస్తాలో ఈ ఉపాయం అంతగా పారదు.

అయితే ఆవిరయ్యేది మంచినీరే, ఉప్పు మిగిలిపోతుంది. రోజుకు 2 లీటర్ల చొప్పున వారం రోజులు ఆవిరై, నీరు పోయకపోతే లవణత 35 నుండి దాదాపు 39కి చేరుతుంది. మట్టం తగ్గుట పంపు గదిలోనే కనబడుతుంది గనుక అక్కడ బాల్‌కాక్ అమర్చి శుద్ధమైన మంచినీటిని చేర్చవలెను, ఉప్పునీటిని కాదు. కరెంటు లేనప్పుడు ముందుగా కాపాడవలసినది ప్రాణవాయువును. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి సిద్ధంగా ఉండాలి.

చట్టం

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో 2001లో రాతి పగడాలన్నిటినీ, నల్ల పగడాలను, అగ్ని పగడాలను, సముద్రపు విసనకర్రలను, సముద్రపు గుర్రాలను చేర్చారు. వీటిని సముద్రం నుండి సేకరించుట, అమ్ముట నేరం. దిబ్బల నుండి పెకలించిన రాళ్ళు కొనుట కూడా ఇందులోకే వస్తుంది. కృత్రిమంగా చేసిన గుల్లరాయి చాలు. తోలు పగడం, పుట్టగొడుగు పగడం వంటి మెత్తని జాతులు 2001 జాబితాలో లేవు, పైగా కొత్తవారికి అవే తేలిక. 2022 సవరణ ననుసరించి, అంతర్జాతీయ ఒప్పందం క్రింద రక్షణ గల విదేశీ జాతుల సజీవ ప్రాణులు ఉన్నవారు ఆ వివరాలు తెలిపి నమోదు చేయించుకొనవలెను. దుకాణదారు మాట మీద ఆధారపడక, జాతి పేరు తెలుసుకొని కొనుట అవసరం. చేపల విషయంలో కొంత వెసులుబాటు ఉంది: విదూషక చేపను తొట్టెలలో పొదిగించే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ అభివృద్ధి చేసింది.

జాగ్రత్తలు

జోయాంథిడ్ అనే గుండీల వంటి పగడాలలో కొన్నిటికి పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. వీటిని చేతి తొడుగులు, కళ్ళద్దాలు లేకుండా తాకరాదు, వేడి నీటిలో ఉడికించి శుభ్రం చేయరాదు. ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవారున్నారు. వారానికొకసారి 14 లీటర్లు మార్చినచో పారబోసే నీటితో సుమారు అర కిలో ఉప్పు బయటికి పోతుంది. దానిని పెరటి మొక్కల మొదళ్ళలో పోస్తే నేల చౌడు బారుతుంది. మురుగు కాలువలోకే వదలవలెను.