రెడ్ డాట్ పిస్టల్ అంటే ఏంటి? రీల్స్‌లో కనిపించే ఈ గన్ ఒలింపిక్స్‌లో ఎందుకు లేదు?

పిఠాపురం: ఫోన్‌లో రీల్స్ తిప్పుతుంటే ఈ వీడియోలు తగులుతూనే ఉంటాయి. పిస్టల్ పైన చిన్న అద్దం, అందులో ఎర్ర చుక్క. చుక్క ఎక్కడ ఆగితే బుల్లెట్ అక్కడికే! షూటింగ్ నేర్చుకోవాలనుకునే కుర్రాళ్లు, అమ్మాయిలు ఇదే ఆట అనుకుంటున్నారా? అయితే ముందు ఇది చదవండి.

ఎర్ర చుక్క ఎలా పనిచేస్తుంది?

చాలామంది దీన్ని లేజర్ అనుకుంటారు. కాదు. లోపల ఉన్న చిన్న ఎల్ఈడీ వెలుగు వంపు తిరిగిన అద్దం మీద పడి తిరిగి కంటికి చేరుతుంది. చుక్క షూటర్‌కు మాత్రమే కనిపిస్తుంది, టార్గెట్ మీద పడదు.

మామూలు పిస్టల్‌లో వెనక గాడి, ముందు పుల్ల, టార్గెట్ మూడూ ఒకే వరుసలో రావాలి. కన్ను ఒకసారికి ఒకదాన్నే స్పష్టంగా చూడగలదు. రెడ్ డాట్‌తో ఆ తంటా లేదు. రెండు కళ్లూ తెరిచి టార్గెట్‌నే చూస్తే చాలు.

స్వీడన్ కంపెనీ ఎయిమ్‌పాయింట్ 1975లో తొలి ఎలక్ట్రానిక్ రెడ్ డాట్‌ను తెచ్చింది. 1990లో అమెరికా షూటర్ డగ్ కోనిగ్ రెడ్ డాట్ పెట్టిన పిస్టల్‌తో ఐపీఎస్‌సీ వరల్డ్ షూట్ గెలిచారు. అప్పటినుంచి పరుగెత్తుతూ కాల్చే ప్రాక్టికల్ షూటింగ్ పోటీల్లో దీని జోరు పెరిగింది.

గన్‌లో ఏం మారుతుంది?

సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో పేల్చిన ప్రతిసారీ పైనుండే స్లైడ్ వెనక్కి వెళ్లి ముందుకొస్తుంది. సైట్ దాని మీదే ఉంటే ప్రతి దెబ్బా తట్టుకోవాలి. అందుకే కంపెనీలు స్లైడ్‌ను పైన చెక్కి, సైట్ కిందికి కూర్చునేలా చోటు చేస్తాయి. చెక్ రిపబ్లిక్ కంపెనీ సీజెడ్ చేసే షాడో 2 ఓఆర్ ఇలాంటిదే. ఇది 9 ఎంఎం పిస్టల్, బరువు సుమారు 1.3 కిలోలు. బరువు ఎక్కువైతే కుదుపు తగ్గుతుంది, చుక్క త్వరగా టార్గెట్ మీదకు తిరిగొస్తుంది.

మరి ఒలింపిక్స్‌లో?

ఇక్కడే అసలు ట్విస్ట్. ఒలింపిక్స్‌కు రూల్స్ పెట్టే ఐఎస్ఎస్ఎఫ్, పిస్టల్ ఈవెంట్లలో రెడ్ డాట్‌తో పాటు అన్ని ఆప్టికల్ సైట్లనూ నిషేధించింది. ఓపెన్ సైట్లు మాత్రమే వాడాలి.

మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ గెలిచిందీ అలాగే. 13 ఏళ్లకే, 2018లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ జాతీయ ఛాంపియన్ అయ్యింది. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, 3 రజతాలు తెచ్చింది. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లే. దాన్ని ఎర్ర చుక్క సాయం లేకుండానే కొట్టాలి!

కొనొచ్చా? చట్టం ఏం చెబుతోంది?

రీల్స్‌లో కనిపించేవి ఎక్కువగా 9 ఎంఎం. మన దేశంలో సర్వీస్ 9 ఎంఎం తూటా పేల్చే పిస్టల్ 'నిషిద్ధ బోర్' కిందకు వస్తుంది. సాధారణ పౌరులకు లైసెన్సు రాదు. అనుమతి లేకుండా దగ్గర ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత 7 నుంచి 14 ఏళ్ల వరకు జైలు. 'ఎవరో తక్కువకు ఇప్పిస్తానన్నారు' అనే మాట నమ్మితే అంతే సంగతులు.

పోటీల్లో వాడే .22 పిస్టల్‌కు లైసెన్సు తప్పనిసరి. సొంత లైసెన్సుకు 21 ఏళ్లు నిండాలి. పిఠాపురం వాళ్లయితే కాకినాడ జిల్లా కలెక్టర్‌కు దరఖాస్తు చేయాలి.

ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు ఎయిర్ పిస్టల్. 4.5 ఎంఎం బోర్ దాటకుండా, శక్తి 20 జౌల్స్ లోపు ఉంటే ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. అలాగని బొమ్మ కాదు, కంటికి తగిలితే చూపు పోతుంది. కోచ్ పర్యవేక్షణలో, రేంజ్‌లోనే నేర్చుకోవాలి.

పిల్లలకు ఆసక్తి ఉంటే తల్లిదండ్రులు ముందు అడగాల్సింది గన్ ధర కాదు, దగ్గర్లో మంచి కోచ్ ఎవరున్నారని. ఎర్ర చుక్క రీల్‌కు బాగుంటుంది. పతకానికి మాత్రం ఓపెన్ సైట్, కదలని చెయ్యి కావాలి.