మానవ పరిశోధన నియమములు – వాని ప్రచార చరిత్ర

మనుష్యులను పరిశోధనకు వినియోగించునపుడు పాటింపవలసిన నియమముల చరిత్రను వ్రాయువారు సామాన్యముగా 1947 నాటి న్యూరెంబర్గు తీర్పుతో ప్రారంభింతురు. నాజీ వైద్యుల విచారణాంతమున వెలువడిన ఆ పది సూత్రముల ప్రాముఖ్యమును కాదనువారు లేరు. కాని అంతకు పూర్వమే, ఆ వైద్యుల దేశముననే, ఇట్టి నియమములు రెండుమారులు వెలువడినవి. కావున నియమములు లేకపోవుటచేతనే ఘోరము జరిగెనను వాదము నిలువదు. ఉన్న నియమము ఎవరికి చేరినది, చేర్చినవారు తాము దానికి ఎంతవరకు కట్టుబడిరి అనునవే విచారింపదగిన ప్రశ్నలు.

బ్రెస్లావు విశ్వవిద్యాలయాచార్యుడైన ఆల్బర్ట్ నైసర్ 1892లో సిఫిలిస్ రోగుల రక్తరసమును, ఇతర వ్యాధులకై ఆసుపత్రిలో చేరిన స్త్రీలకు వారి అనుమతి లేకయే ఎక్కించెను. వారిలో కొందరికి ఆ రోగము కనబడినది. 1898లో ఆయనయే ఈ ప్రయోగమును ప్రకటింపగా పత్రికలలో అలజడి చెలరేగెను. 1900లో ఆయనకు జరిమానా పడెను. ఆ సంవత్సరము డిసెంబరు 29న ప్రష్యా మంత్రి ఆసుపత్రుల అధ్యక్షులకు ఒక ఆదేశము పంపెను. చికిత్సకు సంబంధింపని ప్రయోగము మైనరులపై చేయరాదు. దుష్ఫలితములను వివరించి స్పష్టమైన సమ్మతి పొందవలెను. అధ్యక్షుడు గాని, ఆయన అనుమతి పొందినవాడు గాని మాత్రమే చేయవలెను. భారమంతయు అధ్యక్షునిపైననే పడెను.

1931 ఫిబ్రవరి 28 నాటి జర్మను మార్గదర్శక సూత్రములు ఇంకొక అడుగు ముందుకు వేసినవి. అంతకు ముందటి సంవత్సరము ల్యూబెక్ నగరమున క్షయ టీకావలన డెబ్బదిమందికి పైగా శిశువులు మరణించియుండిరి. ఆసుపత్రులలో ఉద్యోగమున చేరు ప్రతి వైద్యుడును ఈ సూత్రములకు కట్టుబడుదునని చేరునాడే సంతకము చేయవలెనని అందు కోరబడినది. ఉద్యోగులకు నియమములు తెలుపుటలో ఇంతకంటె సూటియైన పద్ధతి నేటికిని లేదు. అయినను, సంతకము అడుగవలసిన రాజ్యమే 1933 తరువాత అపరాధము చేయించినది.

అమెరికా చరిత్ర వేరు విధమైనది. 1966 ఫిబ్రవరి 8న ఆ దేశపు సర్జన్ జనరల్, ప్రజారోగ్య శాఖ ధనసహాయము పొందు సంస్థల అధిపతులకు ఉత్తరువు పంపెను. పరిశోధన ఆరంభింపకముందే సహోద్యోగుల సంఘమొకటి దానిని పరిశీలింపవలెనని అందలి సారాంశము. విశ్వవిద్యాలయములకు నీతి నేర్పిన ఆ ప్రజారోగ్య శాఖయే 1932 నుండి అలబామాలోని టస్కిగీలో 399 మంది నల్లజాతి సిఫిలిస్ రోగులను, పెన్సిలిన్ అందుబాటులోనికి వచ్చిన తరువాత గూడ చికిత్స లేక గమనించుచుండెను! 1966లోనే ఆ శాఖోద్యోగి పీటర్ బక్స్టన్ ఆక్షేపించెను, ఫలితము లేకపోయెను. 1972లో వార్త పత్రికల కెక్కిన పిమ్మట గాని అది ఆగలేదు. 1974లో శాసనము, 1979లో బెల్మాంట్ నివేదిక వచ్చినవి. ధనసహాయము కోరు పరిశోధకులలో ముఖ్యులందరును నియమములలో శిక్షణ పొందవలెనను నిబంధనము 2000 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. ఉత్తరువు అధిపతుల బల్లమీద నుండి పరిశోధకుని చేతికి దిగుటకు ముప్పదినాలుగేండ్లు పట్టినదన్నమాట.

మనదేశమున భారత వైద్య పరిశోధన మండలి 1980లో తొలి విధాన ప్రకటన చేసి, 2000, 2006, 2017లలో మార్గదర్శకములను వెలువరించినది. 2009లో నాటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలము మొదలగు మూడు మండలములలో సుమారు 14,000 మంది బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సరు టీకా వేసిన అధ్యయనములో ఆ మండలియు భాగస్వామియే. 2010 ఏప్రిలులో అది నిలిపివేయబడెను. కొందరు బాలికల మరణములకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కాని అనేక సమ్మతిపత్రములపై తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెనులు, ప్రధానోపాధ్యాయులు సంతకము చేసినట్లు తేలినది. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము దీనిని తీవ్రముగా గర్హించెను. నియమము ఢిల్లీలో ఉన్నది. సంతకము చేయు చోటికి అది చేరలేదనుటకు ఆ పత్రములే సాక్ష్యము.

తెలుగు శాఖకు ఈ గొడవ యేల అనువారుందురు. పాల్గొనువారికి తెలిసిన భాషలో విషయము తెలుపవలెనని 2017 నాటి మార్గదర్శకములు చెప్పుచున్నవి. ఆ పని అనువాదకునిది, అనగా చాలవరకు మనది. సమ్మతిపత్రములో ‘యాదృచ్ఛిక విభజన’ యని వ్రాసినచో గ్రామమందలి తల్లికి గాని, ఆమెకు చదివి వినిపింపవలసిన ఉద్యోగికి గాని ఏమియు బోధపడదు. ‘ఏ మందు ఎవరికి వచ్చేదీ చీటీ తీసినట్టు నిర్ణయిస్తారు, వద్దంటే ఎప్పుడైనా మానుకోవచ్చు’ అని వ్రాసినచో ఇరువురికిని తెలియును.